నాలుగు హద్దుల నడుమ ఇల్లు

శ్రీకాకుళం జిల్లా కంచిలిలో ఇల్లు కొనేవాళ్లలో చాలామంది సెలవు మీద వచ్చినవాళ్లే. ఉద్యోగం సైన్యంలోనో, హైదరాబాదులోనో, ముంబయిలోనో, గల్ఫ్‌లోనో ఉంటుంది. ఉన్న కొద్ది రోజుల్లోనే ఇళ్లు తిరిగి చూడాలి, బేరం తెగాలి, బయానా ఇచ్చేయాలి. సోంపేట పేరున్న రైల్వే స్టేషను నిజానికి ఉన్నది కంచిలిలోనే. 16వ నంబరు జాతీయ రహదారీ ఇటే పోతుంది. అందుకని స్టేషనుకు ఎంత దూరం, రోడ్డుకు ఎంత దూరం, వీధిగుమ్మం ఏ దిక్కుకు, వానాకాలంలో శ్లాబు కారుతుందా, పెరట్లో నుయ్యి ఉందా అని అడుగుతారు. అన్నీ అడగవలసినవే. అయితే ఆ ఇంటిని అందరికన్నా ముందే కొలిచి, మాటల్లో పెట్టిన మనిషి ఒకడున్నాడు. అతను దస్తావేజు లేఖరి. అతను రాసింది అమ్మేవారి బీరువాలో మడతలు పడి ఉంటుంది. ఆ దస్తావేజు ఆఖరున ఎనిమిది పది వరుసల్లో ఉండే ఆస్తి షెడ్యూలు ఎంత పనితనంతో తయారవుతుందో ఇక్కడ చూద్దాం.

సేల్ డీడులో మిగతా భాగమంతా ఇంచుమించు ఒకే మూసలో ఉంటుంది. ఎవరు ఎవరికి రాసిచ్చారు, ప్రతిఫలం ఎంత, అది ఎలా ముట్టింది, స్వాధీనం ఎప్పుడిచ్చారు, తర్వాత తగాదా వస్తే బాధ్యత ఎవరిది. ఆ మాటలు టెక్కలిలోనూ ఒకటే, తెనాలిలోనూ ఒకటే. షెడ్యూలు మాత్రం ఏ ఇంటికి ఆ ఇంటిదే. దాన్ని మూసలోంచి తీయడం కుదరదు. లేఖరికి పని తెలుసో లేదో అక్కడే బయటపడుతుంది.

ఈ విద్య ఈ నేలకు కొత్తదేమీ కాదు. శ్రీకాకుళం జిల్లా ముఖలింగమే తూర్పు గంగుల కళింగనగరమని చరిత్రకారులు గుర్తించారు. ఆ రాజులు భూమి దానమిచ్చినప్పుడు వేయించిన రాగిశాసనాల్లో దానం చేసిన నేల ఎల్లలు వరసగా చెప్పి ఉంటాయి. ఫలానా చెట్టు, ఫలానా పుట్ట, రాయి, చెరువు, వాగు అంటూ దిక్కులవారీగా గుర్తులు చెప్పుకుంటూ పోతారు. రాజు పొగడ్త ఎంత పొడుగున్నా, దానం పుచ్చుకున్నవాడికి అక్కరకొచ్చేది ఆ ఎల్లల భాగమే. ఇప్పటి దస్తావేజు రాజపత్రం కాదు, రాసేది రాగిరేకు మీదా కాదు. అయినా ఆఖరి పేజీలో జరిగే పని అదే.

బ్రిటిషువాళ్ల కాలంలో ఈ పని చట్టంలోకి ఎక్కింది. ఆస్తిని గుర్తుపట్టడానికి చాలినంత వర్ణన లేకపోతే దస్తావేజును రిజిస్ట్రేషనుకు తీసుకోకూడదని 1908 రిజిస్ట్రేషన్ చట్టం 21వ సెక్షను చెబుతుంది. పట్నంలో ఇల్లయితే అది ఏ వీధికి ఏ వైపున ఉంది, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉంది, ఇంతకుముందు ఎవరి అనుభవంలో ఉండేది, నంబరుంటే ఎంత అన్నది రాయాలి. పల్లెలో ఇల్లయితే అది ఏ ఇలాకాలో ఉంది, విస్తీర్ణం ఎంత, ఆనుకుని ఏ దారులు, ఏ ఆస్తులు ఉన్నాయన్నది రాయాలి. వీలున్నచోట సర్కారు సర్వేను ఉదహరించాలి. మంచి లేఖరి ఈ రెండు జాబితాలనూ కలిపి రాస్తాడు.

అలాంటి షెడ్యూలు ఎలా ఉంటుందో చూపడానికి ఒక నమూనా ఇస్తున్నాను. ఊరూ పేర్లూ తీసేశాను.

"శ్రీకాకుళం జిల్లా, కంచిలి మండలం, ఫలానా గ్రామ పంచాయతీ, గ్రామకంఠంలో చేరిన నివేశన స్థలమునకు, అందులోని పెంకుటింటికి హద్దులు. తూర్పు: రాజవీధి. దక్షిణం: ఫలానా వారి ఇల్లు, ప్రస్తుతం వారి కుమారుల అనుభవంలో ఉన్నది, మధ్య గోడ ఉభయులకు ఉమ్మడి. పడమర: పంచాయతీ చెరువు గట్టు. ఉత్తరం: ఫలానా వారి ఇల్లు, మధ్య గోడ మాది, గోడ అవతల చూరు నీళ్లు పడే అడుగున్నర జాగా మాది. ఈ నాలుగు హద్దుల మధ్య తూర్పు పడమరలు 90 అడుగులు, దక్షిణోత్తరములు 18 అడుగులు, వెరశి 180 చదరపు గజముల స్థలము, అందులోని ఇల్లు, ద్వారబంధములు, తలుపులు, పెరటి నూతిలో సగభాగం హక్కు, కరెంటు మీటరు, సర్వ ఈజ్‌మెంటు హక్కులతో సహా."

ఒక్కో మాట ఎందుకుందో చూద్దాం.

జిల్లా పేరు ఈ ప్రాంతంలో మామూలు విషయం కాదు. సోంపేట తాలూకా 1936 దాకా గంజాం జిల్లాలో ఉండేది. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాంలో ఎక్కువ భాగం అటు పోయింది. మద్రాసు రాష్ట్రంలో మిగిలిన తాలూకాలను విశాఖపట్నం జిల్లాలో కలిపారు. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా వచ్చింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. కదలని ఒకే ఇంటికి తాత దస్తావేజులో గంజాం జిల్లా, తండ్రి దస్తావేజులో విశాఖపట్నం జిల్లా, కొడుకు దస్తావేజులో శ్రీకాకుళం జిల్లా ఉండవచ్చు. రాష్ట్రం పేరు కూడా మద్రాసు, ఆంధ్ర, ఆంధ్రప్రదేశ్ అని మారుతూ వచ్చింది. తెలుగుతో పాటు ఒరియా మాట్లాడే కుటుంబాలున్న ఊళ్లు గనుక ఒరియా లిపిలో ఉన్న పాత కాగితం ఎదురైనా ఆశ్చర్యం లేదు. పని తెలిసిన లేఖరి కొత్త దస్తావేజు రాసేటప్పుడు పాత దాని నంబరూ సంవత్సరమూ ఉదహరించి, అందులోని చిరునామాకూ ఇప్పటి చిరునామాకూ ముడి వేస్తాడు. ఆ ముడి లేకపోతే రెండు కాగితాలూ ఒకే ఇంటివని కోర్టులో విడిగా రుజువు చేసుకోవలసి వస్తుంది.

తర్వాతిది గ్రామకంఠం. ఊరి నివాస స్థలమంతా సర్వేలో ఒక్క ముక్కగా ఉంటుంది. అందులోని ఇళ్లకు విడివిడిగా సర్వే నంబర్లుండవు. పొలానికి సర్వే నంబరూ పట్టా ఆసరా. గ్రామకంఠంలో ఇంటికి ఆ ఆసరా లేదు. ఇంటి పన్ను రసీదు ఉంటుంది గానీ, అది పన్ను కట్టిన సంగతి చెబుతుంది తప్ప ఎక్కడి నుంచి ఎక్కడి దాకా మీదో చెప్పదు. కాబట్టి ఆ ఇంటి ఉనికి అంతా నాలుగు హద్దుల మీదే నిలబడుతుంది. ఈ లోటు తీర్చడానికే కేంద్రం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకం మొదలుపెట్టింది. డ్రోన్లతో ఊళ్ల నివాస స్థలాలను కొలిచి ఇంటింటికీ ఆస్తి కార్డు ఇవ్వడం దాని లక్ష్యం. అదే ఏడాది డిసెంబరు 21న రాష్ట్రం భూముల రీసర్వే ప్రారంభించింది. రీసర్వే అయిన భూమికి ల్యాండ్ పార్సెల్ మ్యాప్, అంటే ఎల్‌పీఎం నంబరు వస్తుంది. కొత్త నంబరు వచ్చినా పాత హద్దులు రాయడం మానకూడదు. నంబరు తప్పు పడితే దాన్ని పట్టి ఇచ్చేది హద్దే.

హద్దులు ఎంచుకోవడంలోనే అసలు నేర్పు ఉంది. ఇంటి చుట్టూ కంటికి కనిపించేవి ఎన్నో ఉంటాయి. వాటిలో యాభై ఏళ్ల తర్వాత కూడా ఉండేదేదో లేఖరి ఊహించాలి. నమూనాలో తూర్పున రాజవీధి, పడమట చెరువు గట్టు ఉన్నాయి. రెండూ ఊరుమ్మడివి. వాటిని ఎవరూ అమ్మలేరు, ఉన్నపళాన జరపలేరు. దక్షిణాన, ఉత్తరాన ఉన్నవి మనుషుల ఇళ్లు. మనుషులు పోతారు, ఇళ్లు చేతులు మారతాయి. అందుకే పాత పేరు ఉంచి "ప్రస్తుతం వారి కుమారుల అనుభవంలో" అని చేర్చాడు. పాత పేరు తీసేస్తే వెనకటి దస్తావేజుతో లంకె తెగుతుంది. కొత్త పేరు రాయకపోతే ఇప్పుడు వెళ్లి అడిగేవాడికి మనిషి దొరకడు. ఆ అరవరుస రెండు తరాలను కలుపుతుంది.

చెట్టును హద్దుగా రాయడం కంచిలి ఉన్న ఈ ఉద్దానం ప్రాంతంలో ఎంత ప్రమాదమో 2018 చెప్పింది. ఆ ఏడాది అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి కొబ్బరి, జీడి, పనస తోటలు నేలమట్టమయ్యాయి. తరాల నాటి చెట్లు ఒక్క పూటలో పోయాయి. తూర్పు సరిహద్దు "కొబ్బరిచెట్ల వరస" అని రాసుకున్నవాళ్లకు ఆ రోజుతో హద్దు కూడా పోయినట్టే. చెట్టు రాయక తప్పకపోతే, దాని వెనక ఉన్న గట్టునో సర్వే రాయినో కూడా రాసి, వీధి నుంచి ఎన్ని అడుగులో చెబుతాడు మంచి లేఖరి. ఒక గుర్తు చెరిగినా రెండోది మిగలాలి. షెడ్యూలులో ఒకే సంగతిని హద్దుతో ఒకసారి, కొలతతో ఒకసారి, నంబరుతో ఒకసారి చెప్పడం చాదస్తంలా కనిపిస్తుంది. ఆ మూడింటిలో ఏది ఎప్పుడు దెబ్బ తింటుందో తెలియదు గనుకే మూడూ ఉంటాయి.

కొలతకూ హద్దుకూ తేడా వస్తే సాధారణంగా హద్దులదే పైచేయి అని న్యాయస్థానాలు చెబుతూ వచ్చాయి. ఆ మాట విని కొలతను తేలిగ్గా తీసుకోకూడదు. ఉత్తరాంధ్ర పల్లె వీధుల్లో ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని వరసగా ఉంటాయి. వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. వీధరుగు దగ్గర మొదలై గది వెనక గదిగా పెరటి దాకా పోతాయి. ఇలాంటి ఇంట్లో గోడ ఎవరి లెక్కలోకి వస్తుందన్నది పెద్ద ప్రశ్న. గోడ మందం అడుగున్నర అనుకుందాం. రెండు పక్కలా ఉమ్మడి గోడలే ఉంటే మన వాటా పక్కకు ముప్పావు అడుగు, రెండు పక్కలా కలిపి అడుగున్నర. 90 అడుగుల పొడుగుకు అది 135 చదరపు అడుగులు, అంటే 15 గజాలు. లోపలి గోడ నుంచి లోపలి గోడకు టేపు పట్టి కొలిస్తే ఆ 15 గజాలూ కాగితం మీదకు రావు. గోడ మధ్య నుంచి పట్టాడా, లోపలి నుంచి పట్టాడా అన్నది ఒక్క ముక్కలో రాసినవాడు కొనేవాడికి గది వెడల్పంత ఉపకారం చేసినట్టే. అడుగులు, గజాలు, సెంట్లు మూడింటిలోనూ లెక్క సరిపోవాలి. 18ని 90తో గుణిస్తే 1620 చదరపు అడుగులు, తొమ్మిదితో భాగిస్తే 180 గజాలు. సెంటుకు 48.4 గజాలు గనుక ఇది 3.72 సెంట్లు. వెరశి దగ్గర ఈ లెక్క తప్పిన దస్తావేజులు ఉంటాయి. కొనేవాడు పెన్సిలుతో ఒకసారి గుణించి చూసుకుంటే తెలిసిపోతుంది.

నమూనాలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఉత్తర హద్దు. "చూరు నీళ్లు పడే అడుగున్నర జాగా మాది." పెంకుటింటి చూరు గోడ దాటి బయటికి ఉంటుంది. వాన పడితే ఆ నీళ్లు ఎక్కడో ఒకచోట పడాలి. ఆ జాగా ఎవరిదో రాయకపోతే, రేపు పొరుగువాడు డాబా వేసి గోడ మన చూరు కిందకు తెస్తాడు. అప్పుడు ఇరవై ఏళ్లుగా నీళ్లు అక్కడే పడుతున్నాయని సాక్ష్యం తెచ్చుకుని, పొరుగు జాగా మీద వాడుక హక్కుల గురించిన 1882 ఈజ్‌మెంటు చట్టం పట్టుకుని కోర్టుకు వెళ్లాలి. లేఖరి వీధిలో నిలబడి కప్పు వైపు తలెత్తి చూశాడు గనుక ఆ మాట పడింది. ఆఫీసు గదిలో కూర్చుని రాసినవాడికి చూరు కనబడదు.

పెరటి నూతిలో సగం హక్కు అన్నదీ అలాంటి మాటే. ఉమ్మడి నూతికి అవతలి సగం ఎవరిది, తోడుకోవడానికి దారి ఎటు అన్నది దాంతోపాటు రావాలి. ఉద్దానంలో నీటి మాట ఎత్తితే వెనకే మూత్రపిండాల జబ్బు మాట వస్తుంది. కంచిలి, కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఇల్లిల్లూ ఎరిగిన జబ్బది. కారణం ఇదీ అని నిపుణులు ఇంకా తేల్చలేదు. హిరమండలం జలాశయం నుంచి ఈ మండలాలకు గొట్టాల ద్వారా నీరు తెచ్చే పథకం 2023 డిసెంబరు 14న ప్రారంభమైంది. కాబట్టి ఇప్పుడు ఇల్లు చూసేవాళ్లు నూతి హక్కు చదివి ఆగిపోకుండా, ఆ వీధికి కొళాయి నీళ్లు వస్తున్నాయా, రోజూ వస్తున్నాయా అని పొరుగింటివాళ్లను అడుగుతారు. అది దస్తావేజులో దొరకదు.

పాత దస్తావేజుల్లో ఇంకో బరువైన వరుస ఉంటుంది. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అనే అష్టభోగాలతో సహా అమ్మినట్టు రాస్తారు. వినడానికి దర్జాగా ఉంటుంది. అయితే పెరట్లో తవ్వితే లంకెబిందె దొరికిందనుకోండి, పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతుంది. ఈ వరుస అలంకారం, చూరు వరుస ఆస్తి. ఏది దేనికో తెలిసినవాడే మంచి చదువరి.

షెడ్యూలుకు ముందుండే భాగంలో ఒక్క పేరాను మాత్రం వదలకూడదు. "ఈ ఆస్తి నాకు సంక్రమించిన విధమేమనగా" అని మొదలయ్యేది. తాత ఎవరి దగ్గర కొన్నాడు, పంపకాల్లో ఎవరికి వచ్చింది అన్న వంశావళి అందులో ఉంటుంది. అన్నదమ్ముల పేర్లు మాత్రమే ఉండి అక్కచెల్లెళ్ల ఊసు లేకపోతే ఆగి అడగాలి. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పెళ్లికాని కూతుళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి, కూతుళ్లందరికీ దేశమంతటా 2005 సెప్టెంబరు 9 నుంచి కొడుకులతో సమానమైన హక్కు ఉంది. వలసలెక్కువైన ప్రాంతం గనుక అమ్మేవారి తరఫున జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) హోల్డరు సంతకం పెట్టడమూ ఇక్కడ మామూలే. ఆ కాగితం చెల్లుబాటులో ఉందా, ఇచ్చిన మనిషి బతికే ఉన్నాడా అన్నది చూడాలి. జీపీఏ ఆధారంగా యజమాని తరఫున సేల్ డీడు రాయించుకోవచ్చు. జీపీఏ రాయించుకోవడమే కొనడం అనుకుంటే మాత్రం కుదరదని సుప్రీంకోర్టు 2011లో తేల్చింది.

చేతిరాత దస్తావేజుల్లో ఇంకో అందం దిద్దుబాట్లది. మాట కొట్టేసినా, వరసల మధ్య ఇరికించినా, పేజీ అడుగున ఫలానా వరసలో ఫలానా మాట దిద్దడమైనదని రాసి సంతకం చేయిస్తారు. సంతకం లేని దిద్దుబాటుంటే రిజిస్ట్రారు దస్తావేజును నిరాకరించవచ్చని రిజిస్ట్రేషన్ చట్టం 20వ సెక్షను చెబుతుంది. వరస ఆఖరున ఖాళీ మిగిలితే గీత గీసి మూసేస్తారు. సొమ్మును అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాస్తారు. తర్వాత ఎవరూ ఒక్క అక్షరం చొప్పించడానికి చోటు మిగలదు. అన్నిటికీ కింద, సాక్షుల పక్కన, "ఈ దస్తావేజు వ్రాసినది" అంటూ లేఖరి తన పేరు పెడతాడు. తన పనికి తానే పూచీ పడటం అది.

1998లో రిజిస్ట్రేషన్ శాఖలో కార్డ్ పేరుతో కంప్యూటర్లు వచ్చాయి. అంతకుముందు గుమాస్తాలు ప్రతి దస్తావేజునూ చేత్తో పుస్తకంలోకి ఎక్కించేవారు. కంప్యూటరు వల్ల మేలే ఎక్కువ. 1983 నుంచి జరిగిన లావాదేవీల ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఇప్పుడు ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. అమ్మకూడని భూముల 22-ఎ జాబితా కూడా చూసుకోవచ్చు. ఊరి బయట తోట కొట్టి వేసిన ప్లాటులో ఇల్లు కొనేవాళ్లు అది తప్పక చూడాలి. కాకపోతే ఈసీ చూసి నిశ్చింతగా ఉండకూడదు. వీలునామా అందులో కనబడదు, రిజిస్టరు కాని అగ్రిమెంటు కనబడదు, తండ్రి పోయాక వారసులకు వచ్చిన వాటా కనబడదు. కంప్యూటరు తెచ్చిన చెడు అలవాటు ఒకటుంది. పాత షెడ్యూలును ఉన్నదున్నట్టు దించేస్తున్నారు. చెరువు పూడి రోడ్డయినా హద్దు చెరువుగానే ఉంటుంది. పెంకుటిల్లు పోయి డాబా వచ్చినా పెంకుటిల్లే ఉంటుంది. వీధిలోకి వెళ్లి చూసి రాసే లేఖరి విలువ ఇప్పుడే పెరిగింది.

కొనేవాడు ఈ పనితనాన్ని ఇల్లు నచ్చిన తర్వాత కాకుండా, ఇళ్లు చూస్తున్నప్పుడే వాడుకోవచ్చు. రెండు మూడు ఇళ్లు మనసులో ఉంటే మూడింటి షెడ్యూళ్లూ అడగాలి. కాగితం పట్టుకుని, టేపు తీసుకుని వీధి వైపు నుంచి మొదలుపెట్టి నాలుగు వైపులా తిరగాలి. పక్కింటి దస్తావేజు నకలు కూడా తీయించాలి. స్థిరాస్తి దస్తావేజుల పుస్తకాన్ని ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు అని రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షను చెబుతుంది. మన ఉత్తర హద్దు పక్కింటివారి దక్షిణ హద్దుతో సరిపోవాలి. గోడ మాదేనని ఇద్దరూ రాసుకుని ఉంటే తగాదా ముందే కనబడుతుంది. అన్ని హద్దులూ నేల మీద సరిపోయిన ఇల్లు కాస్త పాతదైనా, రంగు వెలిసినా కొనదగిందే. సున్నం, టైల్స్ మనం వేసుకోవచ్చు.

తేడా కనబడితే ధర తగ్గించమని అడగడం చాలామంది చేసే పని. తగ్గిన ధర తేడాను సరిచేయదు. ముందు సవరణ దస్తావేజు చేయించమని అడగాలి. దాని మీద సంతకం పెట్టవలసిన పాత యజమానో, ఆయన వారసులో ఊళ్లో ఉన్నప్పుడు అది ఒక్క పూట పని. సొమ్ము ముట్టి, వాళ్లు మళ్లీ రైలెక్కి వెళ్లిపోయాక అదే సంతకం కోసం ఏళ్లు పడుతుంది.